బోటు లాగడానికి రావ్4 హైబ్రిడ్‌కి ఏ టో బార్ వేయించాలి? (మెల్‌బోర్న్)

పాయింట్‌కుక్_నాన్న:
అందరికీ నమస్కారం. మేం మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఉంటాం. స్నాపర్ చేపల సీజన్ అక్టోబర్‌లో మొదలయ్యేలోపు చిన్న బోటు కొందామని చూస్తున్నా, ఇన్నాళ్లూ వెరిబీ సౌత్ ఒడ్డున నిలబడి గాలం వేయడమే, పిల్లలు బోటెక్కుదాం నాన్నా అని ఒకటే గోల. సెకండ్ హ్యాండ్‌లో 4.3 మీటర్ల అల్యూమినియం బోటు నచ్చింది, 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్, ట్రైలర్‌తో కలిపి ఇస్తానంటున్నాడు. మా బండి 2021 టొయోటా రావ్4 హైబ్రిడ్, టో బార్ (వెనక ట్రైలర్ తగిలించే ఇనుప బార్) లేదు. అమ్మే ఆయన రావ్4 అంటే 1500 కిలోలు లాగుతుంది భయం లేదన్నాడు. ఇప్పుడు టొయోటా జెన్యూన్ బార్ వేయించాలా, హేమన్ రీస్ లాంటి బయట కంపెనీది సరిపోతుందా? బాల్ (ట్రైలర్ తగిలించే గుండు) ఎప్పుడూ బయటికి ఉండే రకమా, వాడనప్పుడు ఊడదీసి డిక్కీలో పడేసే రకమా? బోల్టులే కదా, ఇంట్లో నేనే బిగించుకోవచ్చా?

గోదారి_గాలం:
బార్ సంగతి తర్వాత చూద్దామండి, ముందు మీది టూ వీల్ డ్రైవ్ హైబ్రిడ్డా ఆల్ వీల్ డ్రైవ్ హైబ్రిడ్డా చెప్పండి. ఆయన చెప్పిన 1500 ఆల్ వీల్ డ్రైవ్ హైబ్రిడ్‌కి, అది కూడా ట్రైలర్‌కి బ్రేకులుంటేనే, లేకపోతే 750. టూ వీల్ డ్రైవ్ హైబ్రిడ్‌కైతే 480 కిలోలే. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి కాబట్టి అమ్మేవాళ్లకి తేడా పట్టదు. ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ పేజీ తీసి చూడండి.

ఇంకోటి, బోటు బ్రోచర్‌లో రాసే బరువు ఖాళీ హల్‌ది, అంటే ఒట్టి బోటు డొప్పది. దాని మీద 40 హార్స్‌పవర్ ఇంజిన్ దగ్గరదగ్గర 100 కిలోలు, ట్రైలర్ ఇనుము ఒక 200 వేసుకోండి, 50 లీటర్ల పెట్రోల్ అంటే 37 కిలోలు, బ్యాటరీ, యాంకర్, గొలుసు, లైఫ్ జాకెట్లు, ఐసు నింపిన ఎస్కీ డబ్బా, గాలాలు... చూస్తూ చూస్తూ 650 దాటిపోద్ది. కొనేముందు ఆయన్ని ఒప్పించి అన్నీ ఎక్కించి పబ్లిక్ వేబ్రిడ్జ్ మీద తూకం వేయించండి, నోటిమాట నమ్మొద్దు.

పాయింట్‌కుక్_నాన్న:
థాంక్స్ అండి. ఇప్పుడే చూశాను, మాది టూ వీల్ డ్రైవే, మాన్యువల్‌లో 480 అనే ఉంది. ట్రైలర్ ప్లేటు మీద ఏటీఎమ్ (లోడుతో కలిపి ట్రైలర్ గరిష్ఠ బరువు) 750 అని ఉందని ఫోటో పంపాడు, బ్రేకుల్లేవు. మరి 1000 కిలోల రేటింగ్ ఉన్న బార్ వేసి, వెనక స్ప్రింగుల్లో ఎయిర్‌బ్యాగులు పెడితే లాగొచ్చు అంటున్నాడు ఒక ఫ్రెండ్, నిజమేనా?

గోదారి_గాలం:
కాదండి, అది మాత్రం చేయొద్దు. ఎయిర్‌బ్యాగులు బండి వెనక కుంగకుండా లెవెల్‌గా ఉంచుతాయి అంతే, లాగే లిమిట్ ఒక్క కిలో కూడా పెరగదు. బండి, బార్, బాల్, ట్రైలర్ కప్లింగ్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు భాగం), ఈ నాలుగింట్లో ఏది తక్కువుంటే అదే మీ లిమిట్. బాల్ మీద 3500 అని ముద్ర ఉన్నా బండి 480 అయితే 480 నే. లిమిట్ దాటి లాగుతుంటే ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కొట్టేయొచ్చు. అంతకన్నా పెద్ద విషయం, బ్రేకుల్లేని 700 కిలోలు వెనక నుంచి తోస్తుంటే ఫ్రీవేలో సడెన్‌గా ఆగాల్సొస్తే ఏమవుద్దో ఆలోచించండి, బండిలో పిల్లలుంటారు.

వైరింగ్_ఓరుగల్లు:
అన్నా, నేను ఇక్కడ ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తా, ఫిట్టింగ్ గురించి చెప్తున్న. బార్ జెన్యూన్ అయినా బయటిదైనా సరే, మీ మోడల్‌కే చేసింది కావాలె, దాని మీద రేటింగ్ ప్లేటు ఉండాలె. బోల్టులు బిగించుడు ఒక్కటే పని కాదు, వెనక బంపర్ విప్పాలె, ఇన్‌స్ట్రక్షన్ల ఎంత టార్క్ రాసిందో అంతే టార్క్ రెంచ్‌తోని బిగించాలె, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగినంక మళ్లొకసారి చెక్ చెయ్యాలె.

అసలు తిప్పలంతా వైరింగ్‌ల ఉంటది. ఈ కాలం బండ్ల లైట్లు కంప్యూటర్ మీద నడుస్తయి, టెయిల్ లైట్ వైరు కోసి క్లిప్పు గుచ్చి ట్రైలర్ లైట్లకు కరెంటు తీస్తే డ్యాష్‌బోర్డ్ మీద వార్నింగులు వస్తయి, ఎక్కువ లోడు పడితే మాడ్యూల్ కాలిపోతది. అందుకే ఆ బండి కోసమే చేసిన వైరింగ్ కిట్ వస్తది, దాంట్ల మాడ్యూల్ వేరేగ ఉంటది, బండి వైరును ముట్టాల్సిన పని లేదు. ప్లగ్ ఇక్కడ ఎక్కువ 7 పిన్ ఫ్లాట్ వాడుతరు, ట్రైలర్‌ది ఏం ఉందో చూసి అదే పెట్టించండి. రివర్స్ సెన్సర్లు ట్రైలర్ తగిలిస్తే మొత్తుకుంట ఉంటయి, ఎట్ల ఆఫ్ చేస్తరో ముందే అడగండి. నా మాట వింటే వైరింగ్ వరకన్న పని తెలిసినోనికి ఇయ్యండి.

సాల్ట్‌వాటర్_సిస్టర్:
ఊడదీసే రకానికే నా ఓటు. 50 మిల్లీమీటర్ల చతురస్రం రిసీవర్ (టంగ్, అంటే బాల్ ఉండే ముక్క, దూర్చే గొట్టం) పెట్టించుకుంటే వాడనప్పుడు టంగ్ తీసేయొచ్చు, షాపింగ్ సెంటర్‌లో ఎవరి మోకాలికీ తగలదు, నంబర్ ప్లేటుకి అడ్డం రాదు. పైగా ట్రైలర్ ఎత్తుకి తగ్గట్టు టంగ్‌ని తిరగేసి పైకో కిందికో పెట్టుకోవచ్చు, కప్లింగ్ లెవెల్‌గా ఉండాలి కదా. ఫిక్స్‌డ్ అయితే ఆ వీలు ఉండదు. కాకపోతే ఉప్పునీళ్లలోకి దిగాక టంగ్, పిన్ను మంచినీళ్లతో కడిగి గ్రీజు రాయకపోతే తుప్పు పట్టి రిసీవర్‌లోనే ఇరుక్కుపోతుంది, సుత్తితో కొట్టినా రాదు.

రాంప్ దగ్గర బోటు దించేముందు లైట్ల ప్లగ్ ఊడదీయండి. దారిలో వీల్ బేరింగులు వేడెక్కి ఉంటాయి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే లోపలికి నీళ్లు లాగేసుకుంటాయి, కాసేపు చల్లారనిచ్చి దించండి. ఈలోపు డ్రెయిన్ ప్లగ్ (బోటులో నీళ్లు పోయే రంధ్రం బిరడా) బిగించారో లేదో చూసుకోవచ్చు. సేఫ్టీ చైన్‌కి రేటింగ్ ముద్ర ఉన్న డీ షాకిల్ (చైన్‌ని బండికి తగిలించే ఇనుప కొక్కెం) మాత్రమే వాడండి, డబ్బాలో దొరికిన మామూలుది కాదు.

పాయింట్‌కుక్_నాన్న:
అందరికీ చాలా థాంక్స్. ఆ బోటు వద్దని చెప్పేశాను. ఇంట్లో మాట్లాడుకున్నాం, బండి మార్చే ఉద్దేశం ఇప్పట్లో లేదు. 3.7 మీటర్ల టిన్నీ (చిన్న అల్యూమినియం బోటు), 15 హార్స్‌పవర్ అయితే 480 లోపల వస్తుందా?

గోదారి_గాలం:
తేలికపాటి ట్రైలర్ అయితే హాయిగా వస్తుందండి, కానీ మళ్లీ అదే మాట, తూకం వేశాకే డబ్బులివ్వండి. తూకంలోనే కప్లింగ్ దగ్గర బాల్ మీద పడే బరువు కూడా చూడండి, మొత్తంలో పదో వంతుకి అటూఇటూగా ఉంటే చాలు. ముందు మరీ తేలికైతే స్పీడులో ట్రైలర్ తోక ఊపుతుంది, అలా ఉంటే వించ్ పోస్ట్ (ట్రైలర్ మీద బోటు ముక్కు ఆనే స్తంభం) కొంచెం ముందుకి జరిపి బోటుని ముందుకి తెచ్చుకోండి. అంత చిన్న బోటులో నలుగురూ ఒకేసారి వద్దు, బోటు మీద ప్లేటులో ఎంతమందని రాసుంటే అంతే. బే (అఖాతం) మధ్యలోకి పోకుండా గాలి లేని పొద్దున్న ఒడ్డుకి దగ్గరలోనే వేయండి, స్నాపర్ అక్కడ కూడా పడతాయి. మెరైన్ లైసెన్స్ పరీక్ష ఇంకా రాయకపోతే ఈ వారమే బుక్ చేసుకోండి, సీజన్ దగ్గరపడితే డేట్లు దొరకడం కష్టం.