అప్‌డేట్: కొత్తపట్నం గద్దల లెక్క

ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు పిల్లి గద్దలను (హ్యారియర్లు అనే వలస గద్దలు) లెక్కపెడుతుంటే ఒకే పక్షిని రెండుసార్లు రాస్తున్నామేమో అని పోయిన వారం అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టే పొద్దుగూకే వేళ గడ్డి బీడు పక్కన కూర్చున్నాం. పిల్లి గద్దలు రాత్రికి గుంపుగా నేల మీదే, గడ్డిలో పడుకుంటాయి కాబట్టి ఒక్కొక్కటీ దిగేకొద్దీ గీత గీస్తే చాలు. మొత్తం 11. మేం పగలు లెక్కపెట్టి రాసుకున్న కాగితంలో 26 ఉన్నాయి, సిగ్గేసింది! చీలిక తోకవి ఊరి గద్దలే, లెక్కలోంచి తీసేశాం. తోక మొదట్లో తెల్ల పట్టీ ఉన్న ఆడవి ఏ రకమో ఎంత చూసినా తేలలేదు. పిల్లి గద్దల్లో రెండు రకాల పేర్లు కలిపి ‘పాలిడ్ లేదా మాంటేగు’ అనే ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించాం. ఎండలు ముదిరితే పిల్లి గద్దలు ఉత్తరానికి వెళ్ళిపోతాయి, అందుకే వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. ఈసారి దోమల మందు మర్చిపోను.