వాడేసిన వేప్ పాడ్‌లను ఇంట్లో విప్పి, కొత్త దూది పెట్టి మళ్లీ వాడుకోవచ్చా?

ప్రశ్న: లెస్టర్ నివాసి

అందరికీ నమస్కారం. నేను పద్నాలుగేళ్లు సిగరెట్లు కాల్చి, మూడేళ్ల క్రితం వేప్‌కు (బ్యాటరీతో నికోటిన్ ద్రవాన్ని ఆవిరిగా మార్చే ఈ-సిగరెట్‌కు) మారాను. బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని నిషేధించాక, ఛార్జింగ్ పెట్టుకునే చిన్న పరికరాన్ని, దానికి సరిపోయే పాడ్‌లను, అంటే ద్రవం నింపే చిన్న డబ్బీలను, కొన్నాను. ఒక్కో పాడ్‌లో 2 మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది. పక్కనున్న రబ్బరు మూత తీసి సీసాతో నింపుకోవచ్చు. అయితే ద్రవాన్ని వేడిచేసే కాయిల్ పాడ్‌లోనే బిగించి ఉంటుంది కాబట్టి, ఎనిమిది పది రోజులకు మాడు రుచి మొదలుకాగానే, మిగతా భాగమంతా చెక్కుచెదరకుండా ఉన్నా మొత్తం పాడ్‌ను పారేయవలసి వస్తోంది. ఇది నాకు చాలా బాధగా ఉంది.

మొన్న ఆదివారం పాత పాడ్ ఒకదాన్ని సన్నని స్క్రూడ్రైవరుతో అడుగు ఊడదీసి చూశాను. లోపల సిలికాన్ వాషరు, చిన్న లోహపు గొట్టం, అందులో కాయిల్‌గా పనిచేసే జల్లెడలాంటి పలుచని రేకు, దాని చుట్టూ కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగిన దూది కనిపించాయి. ఆ రేకును కడిగి, మందుల షాపులో దొరికే దూది చుట్టి మళ్లీ బిగిస్తే పనిచేస్తుందా? పూర్వం పాడ్‌ల స్థానంలో వాడిన కార్ట్రిడ్జ్‌లను ఇలా ఇంట్లోనే బాగుచేసుకునేవారని విన్నాను. ఎలా చేసేవారో తెలిసినవారు చెప్పగలరు. డిసెంబరులో మా చెల్లెలి గృహప్రవేశానికి గుంటూరు వెళ్తున్నాము, ఆలోగా సరిపడా పాడ్‌లు సిద్ధం చేసుకోవాలని ఉంది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది కనుక ఈ పని వంటగదిలో పెట్టుకోవద్దని నా భార్య అంటోంది.

జవాబు 1: డాలస్ నుంచి, పాత వాడుకరి

సోదరా, మీరు విన్నది నిజమే. 2010 ప్రాంతంలో నేను మొదలుపెట్టినప్పుడు పరికరం మూడు ముక్కలుగా ఉండేది: బ్యాటరీ, ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే అటొమైజర్, ద్రవం ఉండే కార్ట్రిడ్జ్. అప్పటి కార్ట్రిడ్జ్‌లో వేడి పుట్టించే భాగమేదీ ఉండేది కాదు. అది దిండులో కూరే పాలియెస్టర్ పీచు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం మాత్రమే. అటొమైజర్‌లోని లోహపు జాలీ ఆ పీచుకు ఆనుకొని ద్రవాన్ని పీల్చుకునేది. చిక్కేమిటంటే, పీచు ద్రవాన్ని పట్టుకున్నంత సులువుగా వదిలేది కాదు. అందుకని దాన్ని పట్టకారుతో బయటికి లాగి, వేడినీళ్లలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వదులుగా మళ్లీ కూరేవాళ్లం. నేర్పంతా ఆ కూరడంలోనే ఉండేది: బిగిస్తే ఆవిరి రాదు, మరీ వదులైతే ద్రవం నోట్లోకి వచ్చేస్తుంది. కొందరు పీచుకు బదులు చేపల తొట్టి ఫిల్టరులో వాడే నీలం స్పాంజిని కత్తిరించి పెట్టేవారు, ఇంకొందరు టీ బ్యాగు కాగితాన్ని ఖాళీచేసి, చుట్టగా చుట్టి దూర్చేవారు.

తర్వాత వచ్చిన కార్టొమైజర్లలో కాయిల్, పీచు ఒకే గొట్టంలోకి చేరాయి. అప్పటి నుంచి ఈ పని కష్టమైంది, ఎందుకంటే ద్రవం ఇంకిపోయిన చోట పాలియెస్టర్ కాయిల్ వేడికి కరిగిపోయి, ఇక ఎంత కడిగినా ఆ వాసన పోయేది కాదు. ఆరకముందే నాలుగు చుక్కలు పోసుకోవడం తప్ప దానికి మందు లేదు.

మీ పాడ్ పరిస్థితి ఇంకా వేరు. ఆ జల్లెడ రేకు పనిచేయాలంటే దూది దాని ప్రతి భాగానికీ సమానంగా ఆనుకోవాలి. ఎక్కడైనా సందు మిగిలితే ఆ చోటు మాత్రమే ఎర్రగా కాలి, పక్కనున్న దూదిని మాడ్చేస్తుంది. పైగా రేకుపై పేరుకున్న నల్లటి పొర చాలావరకు ద్రవంలోని తీపి పదార్థాలు మాడి గట్టిపడినది. వేడినీళ్లకు కొంత వదులుతుంది గానీ పూర్తిగా పోదు. నేను ఇలాంటి పాడ్‌లు నాలుగు విప్పి చూశాను: రెండు కారాయి, రెండు మాడాయి. అడుగు ఒకసారి ఊడదీశాక సిలికాన్ వాషరు మునుపటిలా కూర్చోదు.

చేతిపని మీద ఇష్టం ఉంటే, కాయిల్‌ను మనమే విప్పి కట్టుకోవడానికి తయారుచేసిన ట్యాంకు (పాడ్‌కు బదులు ద్రవం, కాయిల్ ఉండే భాగం) తీసుకోండి. 28 గేజీ కాంథాల్ తీగను (కాయిల్‌కు వాడే మిశ్రలోహపు తీగ) 2.5 మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుడితే ఇంచుమించు 1 ఓమ్ విద్యుత్ నిరోధం వస్తుంది, 3.7 వోల్టుల దగ్గర అది 13 వాట్ల పైచిలుకు. తీగ కొసలను స్క్రూల కింద బిగించి, మిగిలిన ముక్కలను ట్యాంకు గోడకు తగలకుండా దగ్గరగా కత్తిరించి, దూది పెట్టకముందే మీటరుతో ఓమ్‌లు చూడాలి. అంకె నిలకడగా లేకపోయినా, సున్నాకు దగ్గరగా ఉన్నా బ్యాటరీ ఎక్కించకండి. దూది కాయిల్ లోంచి లాగినప్పుడు కాస్త పట్టు తగలాలి గానీ తీగ కదలకూడదు. తడిపిన తర్వాత ఐదు పది నిమిషాలు ఆగి మొదటి దమ్ము తీయండి. తొందరపడితే కొత్త దూది కూడా అక్కడే మాడిపోతుంది. దూది విషయానికి వస్తే, వేప్ కోసం అమ్మే పొడవు పీచు దూదే మేలు. అలంకరణకు వాడే దూది ఉండల్లో పాలియెస్టర్ కలిసి ఉండవచ్చు కాబట్టి వాటి జోలికి వెళ్లకండి.

జవాబు 2: బర్మింగ్‌హామ్ నుంచి

అన్నగారి అనుభవం మీద గౌరవంతోనే భిన్నాభిప్రాయం చెబుతున్నాను. అడిగినవారి అసలు బాధ పాడ్ పారేయడం గురించి. దానికి తీగ చుట్టడం నేర్చుకోనక్కరలేదు, కాయిల్ మాత్రమే విడిగా ఊడివచ్చే పాడ్‌లున్న పరికరానికి మారితే సరిపోతుంది. ఖర్చు తగ్గించుకోవాలన్నా అదే దారి, ఎందుకంటే 2026 అక్టోబరు 1 నుంచి ప్రతి 10 మిల్లీలీటర్ల ద్రవంపై 2.20 పౌండ్ల సుంకం వేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఎక్కువ ఆవిరి ఇచ్చే ట్యాంకులకు దూదికన్నా ద్రవానికే ఎక్కువ ఖర్చవుతుంది.

ఒకవేళ కట్టుకునే ట్యాంకే తీసుకుంటే, ఇప్పుడు పాడ్‌లో పోస్తున్న, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ (గొంతుకు మెత్తగా తగిలే నికోటిన్ రకం) ఉన్న ద్రవాన్ని ఎక్కువ వాట్ల కాయిల్‌లో పోయకండి. ఒక్కో దమ్ముకు ఆవిరి ఎక్కువ, నికోటిన్ కూడా ఎక్కువ. తల తిరిగి, వాంతులు కావచ్చు. అలాంటి ట్యాంకులకు నికోటిన్ లేని 50 మిల్లీలీటర్ల సీసాలో మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న 10 మిల్లీలీటర్ల సీసా ఒకటి కలిపితే మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు వస్తుంది.

జవాబు 3: మాంచెస్టర్‌లో ఆసుపత్రి నర్సు

మీ శ్రీమతి మాట పూర్తిగా సరైనది. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములున్న ద్రవం 10 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం 200 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది, అది పసిబిడ్డ ప్రాణానికి ముప్పు తేగల మోతాదు. నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది కాబట్టి చేతొడుగులు వేసుకోండి, తీసేసిన తడి దూదిని చెత్తబుట్టలో విడిగా వదలకుండా మూట కట్టి పాప చేతికి అందని చోట పెట్టండి. పాప ద్రవాన్ని మింగిందన్న అనుమానం కలిగినా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయండి.

ఇంట్లో నింపుకునేవారిలో కొందరు యాలకుల నూనె, వంటకు వాడే ఎసెన్సు కలుపుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. కడుపు అరిగించుకునే నూనెను ఊపిరితిత్తులు తట్టుకోలేవు. అమెరికాలో 2019లో వేప్ వాడినవారికి వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. మృతులు 68 మంది. గంజాయి సారం నింపిన కార్ట్రిడ్జ్‌లలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనె పదార్థానికి ఆ జబ్బుతో గట్టి సంబంధం ఉందని తేలింది. మీరు వాడుతున్నది ఆ సరుకు కాదు, నిజమే. అయినా ఎవరో నింపిన కార్ట్రిడ్జ్‌ను, లోపల ఏముందో తెలియకుండా, తిరిగి వాడకూడదనడానికి ఆ ఒక్క ఉదంతం చాలు.

జవాబు 4: హైదరాబాద్ నుంచి

గుంటూరు ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. భారతదేశంలో 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటనలు అన్నింటినీ నిషేధించింది. మొదటిసారి నేరానికి ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు లేదా 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది. పరికరం, పాడ్‌లు, విడి భాగాలు అన్నీ ఈ చట్టం కిందికే వస్తాయి. సొంతానికే కదా అని సంచిలో పెట్టుకోకండి. నికోటిన్ చూయింగ్ గమ్ ఇక్కడి మందుల షాపుల్లో దొరుకుతుంది. బయలుదేరేలోగా అక్కడి వైద్యుణ్ణి అడిగి ఎంత మోతాదు కావాలో తెలుసుకోండి.

లెస్టర్ నివాసి

అందరికీ ధన్యవాదాలు. విప్పిన పాడ్‌ను మళ్లీ బిగించే ప్రయత్నం మానుకుంటున్నాను. కాయిల్ విడిగా మారే పరికరం తీసుకొని, ఇంట్లో ఉన్న పాత పాడ్‌లను వేప్‌లు అమ్మే దుకాణంలోని సేకరణ పెట్టెలో వేసి వస్తాను. ద్రవం సీసాలను ఈ రోజే బీరువా పై అరలోకి మార్చి తాళం వేశాను. గుంటూరుకు గమ్‌తోనే వెళ్తాను. డాలస్ అన్నగారికి ఒక్క మనవి: కాంథాల్ తీగ చుట్టడం మీద మనసు పోవడం లేదు, తిరిగి వచ్చాక జనవరిలో మీ సలహా అడుగుతాను.