రోరోస్ పట్టణ చిహ్నంలోని సుత్తులు ఏం చెబుతున్నాయి?

మిత్రులారా, పాత గనుల పట్టణాల చిహ్నాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. నార్వేలోని రోరోస్ దగ్గర ఆగిపోయాను. తెలిసినవారు సాయం చేయగలరు.

అక్కడ 1644లో రాగి దొరికింది. మూడు వందల ఏళ్లకు పైగా ఊరంతా ఆ రాగి మీదే బతికింది. 1977లో ఆ గనులు నడిపే రాగి కంపెనీ దివాలా తీసింది. 1980లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చిహ్నంలో గుండ్రం కింద కూడిక గుర్తులా ఉండేది శుక్రగ్రహం గుర్తు. పాత రసవాదులకు రాగి గుర్తూ అదే, కాబట్టి దాని సంగతి స్పష్టం. దాంతో పాటు ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు గని పనిముట్లు ఉన్నాయి. 1784లో పూర్తయిన చర్చి గోపురం మీద కూడా కంపెనీ ఇదే గుర్తు వేయించుకుంది. దేవుడి గుడి మీద కంపెనీ ముద్ర! ఆ ఊళ్లో పెత్తనం ఎవరిదో చెప్పడానికి ఇంకేం కావాలి?

నా సందేహం పనిముట్ల గురించే. జర్మన్ గని గుర్తులో ఒకటి కొట్టే సమ్మెట, రెండోది రాతికి ఆనించే పిడి ఉన్న ఉలి. రోరోస్‌లోవీ ఆ జంటేనా, లేక రెండూ సుత్తులేనా? మరొకటి: మ్యాపుల్లో మూతపడిన గనికి ఈ గుర్తును తలకిందులుగా వేస్తారు కదా, గని మూతపడ్డాక తన చిహ్నంలోనూ అలా తిప్పుకున్న పట్టణం ఎక్కడైనా ఉందా? నార్వేలో ఉంటున్న తెలుగువారెవరైనా ఆ గోపురాన్ని దగ్గరగా ఫోటో తీసి పెడితే ఎంతో మేలు.