చర్చి షెల్టర్‌ల ప్రార్థన ముందా, పళ్లెం ముందా?

కాజీపేట జంక్షన్:
కాజీపేటల ఒక చర్చి ట్రస్టు తన పాత సంఘం హాలును రాత్రి షెల్టర్ చేద్దామని చూస్తున్నది. స్టేషన్ దిక్కు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ముంగట, ఏనుమాముల మార్కెట్ షెడ్ల కింద పండుకునేటోళ్లకు రాత్రి భోజనం, పడక. రోజుకు 60 మంది అని లెక్క. బియ్యం, దుప్పట్లు ఒప్పుకున్నోళ్లు ఉన్నరు. పంచాయితీ ఒక్కటే: వడ్డించే ముందు పాట, వాక్యం, ప్రార్థన కలిపి పది నిమిషాలు ఉండాల్నా వద్దా? సంఘ పెద్దల్ల సగం మంది "మన ఇంట్ల మనం దేవుని పేరు తీసుకోకపోతే ఇంకేడ తీసుకుంటం" అంటున్నరు. మిగిలినోళ్లు "కడుపు కాలేటోన్ని కూసోబెట్టి పాట పాడించుడు సువార్త కాదు" అంటున్నరు. తిట్టుకునుడు బంద్ పెట్టి, పని తెలిసినోళ్లు చెప్పున్రి.

గంజు-గంటె:
వంటింటి వైపు నుంచి చెప్తా. 60 మంది, అందులో హమాలీలు, రిక్షా లాగేటోళ్లు ఉంటరు కాబట్టి మనిషికి 180 గ్రాముల బియ్యం లెక్క, అంటే 11 కిలోలు. పెళ్లి లెక్కల 120 గ్రాములు వేసుకుంటే ఆఖరు ఇరవై మందికి గంజు అడుగు కనపడ్తది. 11 కిలోలు ఒక్క గంజుల వేయొద్దు, అడుగు మాడుతది, పైన బిరుసుగ ఉంటది. అయిదున్నర కిలోల చొప్పున రెండు గంజులు, అరగంట తేడాతోని ఎసరు పెట్టాలె. పప్పుచారుకు కందిపప్పు 2 కిలోలు, చింతపండు పావుకిలో. కూరకు క్యాబేజీ, సొరకాయ లాంటిది 6 కిలోలు, నూనె ముప్పావు లీటరు. పళ్లు లేని ముసలోళ్లుంటరు, కూర మెత్తగ ఉడకాలె. కారం సగం తగ్గించి, పక్కన పచ్చడి పెడితే ఎవరికి కావాల్సినంత వాళ్లు ఏసుకుంటరు.

ఇగ ప్రార్థన. "ఆలస్యమైతే అన్నం పాడైతది" అని కొందరు వాదిస్తరు, అది ఒట్టి మాట. మూత పెట్టి 60 డిగ్రీల పైన ఉంచితే గంట సేపట్ల పప్పు పాడుగాదు. పాడయ్యేది మిగిలిన అన్నం. వేడిగ ఉన్నప్పుడే ప్లాస్టిక్ కవర్ల కట్టి మూతి ముడేస్తరు, లోపల చెమ్మ పట్టి, పొద్దుగాల తినేసరికి వాంతులు. బియ్యంల ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలిందాన్ని వెడల్పు పళ్లాలల్ల పరిచి చల్లార్చి ఫ్రిజ్‌ల పెట్టాలె, లేకుంటే పారబోయాలె.

ప్రార్థన ముందు పెడితే దెబ్బ తినేది వేరే. పది నిమిషాలు అన్నది పది నిమిషాలు ఉండదు, బయటి ఊరి పాస్టర్ వచ్చిననాడు నలభై అయితది. ఇన్సులిన్ పొడుచుకున్నోడు, షుగర్ గోళీ మింగినోడు ఆ నలభై నిమిషాలు కళ్లు తిరుగుతుంటే కూసుంటడా? మిర్చి సీజన్ల మార్కెట్ నుంచి తొమ్మిదింటికి వచ్చేటోన్ని ప్రార్థనకు రాలేదని ఆపుతరా, పెడతరా? ఆపితే అది షరతు. పెడితే రేపటి నుంచి అందరూ తొమ్మిదింటికే వస్తరు.

సిలువ నీడ:
గంజు-గంటె అన్న లెక్కలు సరైనవే, కానీ ఒక మాట. హైదరాబాదులో అయిదు రూపాయల భోజనం హరే కృష్ణ వాళ్లు వండి పెడతారు. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, అది వాళ్ల విశ్వాసం. తినేవాళ్లు ఎవరూ అడ్డు చెప్పట్లేదు. గురుద్వారాలో లంగర్‌కు, అంటే ఉచిత భోజనానికి వెళ్తే తలకు గుడ్డ చుట్టుకోవాలి, కింద కూర్చోవాలి. కాజీపేట దర్గాకు వెళ్లినా అక్కడి మర్యాద అక్కడ ఉంటుంది. మరి చర్చి హాల్లో ఒక్క నిమిషం కృతజ్ఞతా ప్రార్థన అనేసరికి "మతమార్పిడి" అనే మాట ఎందుకు వస్తుంది? ఇచ్చే సంఘానికీ ఒక ముఖం ఉంటుంది కదా. మిజోరంలో చర్చి ఆడవాళ్లు పూటపూటకూ వంట బియ్యంలోంచి పిడికెడు తీసిపెట్టే పద్ధతి నూరేళ్లకు పైగా నడుస్తోంది. ఆ పిడికెడు తీయించేది భక్తే. ప్రార్థనను పూర్తిగా పెరట్లోకి నెట్టేస్తే, ఇచ్చే చెయ్యి కూడా మెల్లగా ఆగిపోతుంది.

ఓరుగల్లు_పోరడు:
లంగర్ పోలిక మంచిగనే ఉంది గాని సగమే చెప్పిన్రు సార్. తలకు గుడ్డ చుట్టుకున్నంక కీర్తన విన్నవా లేదా అని అక్కడ ఎవ్వడు అడగడు. ఉల్లిగడ్డ లేని పప్పు తిన్నోడు తన నోటితోని ఏ మాట అనాల్సిన పని లేదు. నోరు తెరిచి ఆమెన్ అనిపిస్తె అది వేరే ముచ్చట. ఇంకోటి, "ఇష్టమున్నోళ్లే రండి" అన్నా నేను నమ్మ. డిసెంబర్ చలిల పడక ఇచ్చేటాయనే ముంగట నిలబడి పిలుస్తుంటే, రాను అనే ధైర్యం ఎవనికుంటది? ఆకలిగొన్నోని ఇష్టం ఇష్టం కింద లెక్కరాదు.

సిలువ నీడ:
ఆ చివరి వాక్యం ఒప్పుకోను. పేదవాడైనంత మాత్రాన తన మనసు తనకు తెలియదా? పాటల కోసమే చర్చికి వచ్చి కూర్చునే వీధి మనుషులు ఉంటారు. వాళ్లకు ఆ పాట కూడా దక్కనివ్వకపోతే అది మీరు పెట్టే షరతు.

రికార్డు గది:
ఇద్దరూ ఆగండి. ముందు డబ్బు ఎవరిది, భవనం ఎవరిది అన్నది తేల్చాలి. సొంత హాలు, సొంత కానుకలు అయితే భోజనానికి ముందు ప్రార్థన చేయకూడదని ఏ చట్టమూ లేదు. తెలంగాణలో మతమార్పిడుల మీద ప్రత్యేక చట్టం కూడా లేదు. అయితే ప్రచారం చేసుకునే హక్కు వేరు, మతం మార్చే హక్కు వేరు అని సుప్రీంకోర్టు 1977లోనే స్టానిస్లాస్ కేసులో చెప్పింది. విదేశీ విరాళం ఉంటే ఇంకా జాగ్రత్త. ప్రలోభంతోనో బలవంతంతోనో మతం మార్చే పనుల మీద ప్రాసిక్యూషన్ గానీ శిక్ష గానీ ఉంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ రాదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు.

కార్పొరేషన్ భవనమో, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా వచ్చే షెల్టర్ నిధులో తీసుకుంటే లెక్క మారుతుంది. అప్పుడది ప్రజల సొమ్ముతో నడిచే గూడు, దానికి ఒక మతం ముఖం ఉండకూడదు. అమెరికాలో బోయిసీ నగరం తన షెల్టర్ భవనాన్ని ఒక క్రైస్తవ రెస్క్యూ మిషన్‌కు, అంటే నిరాశ్రయులను ఆదుకునే సంస్థకు లీజుకిచ్చింది. అందులో ప్రార్థన సభలు పెట్టడాన్ని అప్పీలు కోర్టు 2007లో తప్పుపట్టింది. అక్కడి రెస్క్యూ మిషన్లలో ముందు ప్రసంగం, తర్వాత సూపు అన్న పద్ధతి పాతదే. తిండి కోసం తిరిగే కూలీలు దానికి "చెవులు వాయించుకోవడం" అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు.

అసలు ప్రమాదం ఎవరూ చూడని చోట ఉంది: రిజిస్టర్లో. రాత్రి వచ్చినవాళ్ల పేర్లు రాసే పుస్తకమే ప్రార్థన హాజరు పుస్తకం కూడా అయిందనుకోండి. ఎస్సీ కులస్థుడు బాప్తిస్మం తీసుకుంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది, ఇక్కడ బీసీ-సీ కిందికి వస్తాడు. 2024 నవంబరులో సెల్వరాణి కేసులోనూ సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. షెల్టర్లో పడుకోవడానికి వచ్చినవాడి పేరు చర్చి కాగితాల మీద "విశ్వాసి" అని పడితే, రేపు కుల ధ్రువపత్రం దగ్గర ఎవడైనా ఆ కాగితం తీసి చూపిస్తాడు. కాబట్టి రెండు పుస్తకాలు వేరు. షెల్టర్ రిజిస్టర్లో మతం గడి అసలే వద్దు.

మరో సంగతి. 60 మంది అంటున్నారు, హాలు ఎంత? పట్టణ నిరాశ్రయుల షెల్టర్ మార్గదర్శకాల్లో మనిషికి 50 చదరపు అడుగులు. మీ హాలు 1,200 అయితే 24 మందే.

కాజీపేట జంక్షన్:
హాలు 50 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. కుర్చీలు తీసేస్తే 60 మంది పడతరని అనుకున్నం. ఆధార్ లేనోళ్లను ఏం చేయాలె?

రికార్డు గది:
కుర్చీలు తీసేస్తే 60 మంది కూర్చుంటారు, పడుకోరు. ఆధార్ లేదని లోపలికి రానివ్వకపోవడం తప్పు. పేరు, సుమారు వయసు, ఒంటి మీద గుర్తు రాసుకోండి చాలు. గుర్తింపు ఉన్న షెల్టర్ అయితే దాని అధిపతి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఓటుకు ఫారం 6 ఇస్తే బూత్ అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడా అని చూసుకుంటాడు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఒంటరిగా వస్తే మాత్రం షెల్టర్లో ఉంచుకోవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి.

చీటి-మందులు:
ప్రార్థన మీద నా అభ్యంతరం వేరే. తలుపులు మూసిన హాల్లో అందరితో పాటలు పాడించకండి. క్షయ ఉన్నవాడు దగ్గినట్టే పాడినా తుంపర గాల్లోకి వస్తుంది, ఆ గాలే రాత్రంతా మిగతావాళ్లు పీలుస్తారు. మంచాల మధ్య కనీసం మూడడుగులు వదలండి, ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు ఉండేటట్టు వేయండి, ఎదురెదురు కిటికీలు చలికాలంలోనూ జానెడు తెరిచి ఉంచండి. రెండు వారాలకు పైగా దగ్గు ఉన్నవాళ్లను ఎంజీఎంలో కళ్లె పరీక్షకు పంపండి. మందులు ఉచితం, చికిత్స నడిచినన్ని నెలలు పోషణ కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఖాతా లేకపోవడమే అక్కడ అడ్డంకి.

గజ్జి ఒక్కడికి కనబడితే అందరికీ ఒకే రాత్రి మందు పూయాలి. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము, మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల సందుల్లో కూడా, పొద్దున కడగాలి, వారానికి మళ్లీ. దుప్పట్లు ఉడుకు నీళ్లలో. దాతలు ఇచ్చే పాత బొంతలు వద్దని మొహమాటం లేకుండా చెప్పండి, నల్లులు వాటిలోనే వస్తాయి. ఇనుప మంచాలైతే వేడినీళ్లు పోయొచ్చు, చెక్కవాటి సందుల్లోంచి నల్లులు పోవు.

అయిదు రోజులకు పైగా ఏమీ తినని మనిషి వస్తే పళ్లెం నిండా అన్నం పెట్టకండి. ఒంట్లో లవణాలు తలకిందులై గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అరగ్లాసు గంజి ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సిలువ నీడ:
పాట మీద చీటి-మందులు చెప్పింది ఒప్పుకుంటున్నా. మరి ప్రార్థన వరండాలో, భోజనం తర్వాత పెడితే?

గంజు-గంటె:
అట్లయితే నాకు పేచీ లేదు. ఆరున్నరకు తలుపు తెరువున్రి, రాంగనే చాయ్. కాళ్లు చేతులు కడుక్కోనీకి, స్నానానికి గంట. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఎవరు ఎప్పుడొస్తే అప్పుడు పళ్లెం. ఎనిమిదిన్నరకు వరండాల ప్రార్థన, పడక హాల్ల మైకు పెట్టొద్దు. ఒకటి గుర్తుంచుకోన్రి: ప్రార్థన అయినంక అరటిపండ్లు, దుప్పట్లు, చెప్పులు పంచొద్దు. పంచితే పళ్లెం ముంగట తీసేసిన షరతు అరటిపండు రూపంల మళ్లొచ్చినట్టే.

ఓరుగల్లు_పోరడు:
దానికి తోడు పడక చీటి తలుపు కాడనే ఇయ్యాలె, మంచం నంబరు ఏసి. ఆ చీటి ఇచ్చేటోడు ప్రార్థన నడిపేటోడు ఒక్కడే కావద్దు. ఇది చేస్తే నా నోరు సగం మూస్కుంట. మిగిలిన సగం ఎందుకంటే, ఎంజీఎం ముంగట పండుకునేటోళ్లల్ల చానామంది ఇల్లు లేనోళ్లు కాదు, రోగి ఎంబడి ఊర్ల నుంచి వచ్చినోళ్లు. వాళ్లు ఆసుపత్రి గేటు ఇడిచి కాజీపేట రారు. రాత్రి వార్డుల నుంచి పిలుపొస్తే ఎవరు ఉరకాలె? వాళ్లకు పొట్లాలు అక్కడికే పంపాలె. పొట్లాలకైతే పప్పన్నం కాదు, పులిహోర.

చీటి-మందులు:
పులిహోర మంచి మాటే, చింతపండు పులుపుకు తొందరగా చెడదు. అయినా అదే రాత్రి తినేయమని చెప్పి ఇవ్వండి.

రికార్డు గది:
పెద్దలు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. షెల్టర్లో మనిషి చనిపోతే? పోలీసులకు చెప్పాలి, పంచనామా అవుతుంది, శవం మార్చురీకి వెళ్తుంది. వెతుక్కుంటూ ఎవరూ రాకపోతే అప్పుడు సంఘం వాళ్లు మంచి మనసుతోనే చర్చి శ్మశానంలో పూడ్చిపెడతామంటారు. ఆ మనిషి బతికినన్నాళ్లూ మల్లన్నకు మొక్కినవాడై ఉండొచ్చు. రెండు వారాల తర్వాత కొడుకు వెతుక్కుంటూ వస్తే ఏం చెప్తారు? రిజిస్టర్లో మతం గడి వద్దన్నాను కదా, దాని బదులు రెండు గడులు పెట్టండి: "ఏమన్నా అయితే ఎవరికి కబురు పెట్టాలి", "నీ ఆఖరి పని ఎట్ల జరగాలి". మొదటి రాత్రి అడగొద్దు, నాలుగైదు రోజులు పోయాక అడగండి. జవాబు వాళ్ల మాటల్లోనే రాయండి.

సిలువ నీడ:
దీని మీద నాకు మాట రావట్లేదు. పెద్దల దగ్గర పెడతాను.

కాజీపేట జంక్షన్:
హాలు మళ్లీ కొలిచినం. స్తంభాలు, మెట్లు తీసేస్తే 1,100 చదరపు అడుగులు, 22 మంచాలు. ఆడవాళ్లకు పక్క గది, అండ్ల 4. వంట 60 మందికే ఉంటది, అంటే 34 మంది తిని మళ్లా స్టేషన్‌కే పోవాలె. ప్రార్థన ముచ్చట రేపటి మీటింగ్‌ల తెగుతదని అనిపిస్తున్నది. ఆ 26 చీటీలు ఎవరికియ్యాలె, ముందొచ్చినోనికా, ముసలోనికా, జరమొచ్చినోనికా, దీని మీద చెప్పున్రి.