కేసు కొట్టేశారు, నాన్నకు ఏం చెప్పాలి?

మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. 2019 పోలింగ్ రోజు రాత్రి, ఏజెంటుగా కూర్చున్నాడని మా నాన్నను గడ్డపలుగుతో కొట్టారు. పొగాకు అల్లిన ఆ కుడిచెయ్యి ఇప్పటికీ నీళ్లగ్లాసు ఎత్తలేదు. కళ్లారా చూసిన ఆరుగురూ కోర్టులో "మాకు తెలీదు" అన్నారు. పోయిన నెల కేసు కొట్టేశారు. కొట్టినవాళ్లు మా ఇంటి ముందే టపాసులు కాల్చారు.

ఏటా ఆగస్టు 15న చొక్కా ఇస్త్రీ చేసుకుని జెండా దగ్గరికి పోయే మనిషి, ఈసారి మంచం దిగలేదు. "ఈ దేశం మనది కాదులేమ్మా" అన్నాడు. తీర్పు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసేసింది.

బాధితులే అప్పీలుకు వెళ్లొచ్చని 2009లో చట్టం మార్చారట. సాక్షులు ఎదురుతిరిగాక కూడా అలా వెళ్లి గెలిచినవాళ్లు మీలో ఉన్నారా? 2022లో మా ఊరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, తర్వాత మళ్లీ ప్రకాశంలోకే మార్చారు. ఉచిత లాయరు కోసం న్యాయసేవాధికార సంస్థకు ఒంగోలు పోవాలా, నెల్లూరు పోవాలా? దయచేసి చెప్పండి, గడువు దాటిపోతుందేమోనని భయంగా ఉంది.