బోర్లో పానా తీసిన మ్యాగ్నెట్టు: ఇంట్లో పెట్టుకోవచ్చా?

పాతాళగంగ (అనంతపురం):
మోటరు దింపేటప్పుడు పానా జారి బోర్లో పడింది. నైలాన్ తాడుకు నియోడిమియం మ్యాగ్నెట్టు (చాలా బలమైన రకం) కట్టి వదిలితే కరుచుకొని పైకొచ్చింది. మాది పీవీసీ కేసింగు కాబట్టి సరిపోయింది, ఇనుప కేసింగైతే గోడకే అతుక్కునేది. ఇంకా దేనికి పనికొస్తుంది? చిన్నపిల్లలున్న ఇల్లు, భయమేమన్నా ఉందా?

పిండిమర (కర్నూలు):
జొన్నలు పోసే తొట్టి కింద మేం ఒకటి బిగించినాం. గింజల్లో కలిసొచ్చిన మేకులు, బైండింగు వైరు ముక్కలు దానికే పట్టుకుంటాయి. లేకుంటే రాళ్ల మధ్య పడి నిప్పురవ్వలు లేస్తాయి. రోజూ తుడవాల. స్టీలు గిన్నెల రకం ముక్కలు మాత్రం దానికి సరిగా అంటవన్నా, జల్లెడ మానొద్దు.

పాతకంప్యూటర్లు (ప్రొద్దుటూరు):
పాత హార్డ్‌డిస్కు విప్పినా ఇవే దొరుకుతాయి. రెండు అతుక్కుంటే లాగొద్దు, బల్ల అంచున పెట్టి పక్కకు జరపాల. పైన నికెల్ మెరుపు చూసి గట్టివనుకుంటారు గానీ పెళుసు, ఢీకొంటే పెంకులు కంటికి ఎగురుతాయి. డ్రిల్లు అస్సలు పెట్టొద్దు, ఆ పొడికి నిప్పంటుకుంటుంది. మామూలు రకమైతే 80 డిగ్రీలు దాటితే బలం పోతుంది.

నర్సక్క (కడప):
పిల్లలన్నావు కాబట్టి చెప్తాండా తమ్ముడూ. నీ పెద్దదాని కంటే బొమ్మల్లో వచ్చే చిన్న మ్యాగ్నెట్టు గుండ్లతోనే ప్రాణం మీదికొస్తుంది. ఒకటి మింగితే బయటికి పోవచ్చు. రెండు మింగితే ఒకటి ఒక పేగు మెలికలో, ఇంకోటి పక్క మెలికలో ఆగి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు గోడ నలిగి, రక్తం ఆడక చిల్లు పడుతుంది. మొదట్లో వాంతి, కడుపునొప్పి తప్ప ఏమీ కనపడదు, అజీర్ణమని ఇంట్లో వాము నీళ్లు తాపుతారు. అనుమానం వచ్చిందంటే అరటిపండు పెట్టి రేపటిదాకా చూద్దామనొద్దు, ఆ క్షణమే ఎక్స్‌రే ఉండే పెద్దాసుపత్రికి పోవాల. రెండు అతుక్కుంటే ఎక్స్‌రేలో ఒకటిలాగే కనపడొచ్చు, అందుకే ఇంట్లో ఎన్ని ఉండేవో లెక్క చూసి డాక్టరుకు చెప్పండి.

చెరువుకట్ట (ధర్మవరం):
బోరు పైపుకు మ్యాగ్నెట్టు బిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఒకాయన అమ్ముతున్నాడు. నిజమేనా?

పాతకంప్యూటర్లు (ప్రొద్దుటూరు):
కాదన్నా. ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి ఉంటుంది, ఇనుప రజను మాదిరి మ్యాగ్నెట్టుకు పట్టుకునేది కాదు. ఆ దుడ్లు ఆర్‌ఓ ఫిల్టరుకు పెట్టు.

పాతాళగంగ (అనంతపురం):
మా మామకు పేస్‌మేకర్ ఉంది, పండక్కి వస్తాడు. ఎంత దూరం ఉండాల?

నర్సక్క (కడప):
చిన్నవైనా ఎదకు ఆరంగుళాల లోపలికి రానీయొద్దు. నీది పెద్దది, ఆయనున్న గదిలోనే వద్దు.

పాతాళగంగ (అనంతపురం):
అయితే ఈ పొద్దే తోటలో మోటరు షెడ్డుకు చేరుస్తా.

పిండిమర (కర్నూలు):
మందపాటి చెక్కపెట్టెలో పెట్టి తాళం వెయ్యి. స్టార్టరు డబ్బా ఇనుముది, దానికి దూరంగా పెట్టన్నా.