గెకో బల్లుల మేతకు డూబియా బొద్దింకా, రెడ్ రన్నరా? వైజాగ్ ఉక్కలో ఏది నిలుస్తుంది?

రెండు లెపర్డ్ గెకోల కోసం 40 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో బొద్దింకలు పెంచాలి. డూబియా నున్నటి గోడ ఎక్కదు, నేరుగా పిల్లల్నే కంటుంది. కాకపోతే పెద్దవడానికి నాలుగైదు నెలలు. రెడ్ రన్నర్ గుడ్ల తిత్తులు పెట్టి త్వరగా పెరుగుతుంది. అదీ నున్నటి గోడ ఎక్కలేదు గానీ మహా పరుగు. తప్పించుకున్నవి వంటింట్లో కాపురం పెట్టేస్తాయి, అందుకే మొగ్గు డూబియాకే.

ఎండాకాలం 30 డిగ్రీలు ఎలాగూ ఉంటాయి. బెంగంతా సముద్రపు తేమ గురించే: బొద్దింకలు దాక్కునే కోడిగుడ్ల అట్టలకు బూజు, మిగిలిన క్యారెట్ ముక్కలకు మైట్లు (కంటికి ఆనని సన్న పురుగులు). మూతకు సన్నటి ఇనుప జాలీ బిగించి, అట్టలు నిలువుగా పేర్చి, తడి మేత మర్నాడే తీసేస్తే చాలా, పక్కలకూ జాలీ కావాలా? గెకో కళ్ల మధ్య దూరాన్ని మించని బొద్దింక పిల్లలు వారానికి 30 తీయాలంటే ఎన్ని ఆడవాటితో మొదలుపెట్టాలి? జనవరి రాత్రుల్లో హీట్ మ్యాట్ (డబ్బాకు వేడినిచ్చే కరెంటు పరుపు) తప్పదా?